గూట్లో పాట... గోడకవతల నిద్ర

గల్ఫ్ నుంచి ఎప్పుడో వచ్చిన స్టీరియో రిసీవరు ఇంకా పాడుతూనే ఉంది. దాని స్పీకర్లే పోయాయి. కొత్త జత తెచ్చి తగిలిస్తే సరి అనుకుంటారు ఎవరైనా. శ్రీరాంపూర్ బొగ్గు కాలనీల్లో మాత్రం అదంత సులువు కాదు. గోడకవతల నైట్ షిఫ్టు దిగివచ్చిన మనిషి పడుకుని ఉంటాడు. గోడకివతల యంత్రాల హోరులో ఏళ్లకేళ్లు గడిపిన పెద్దాయన చెవులుంటాయి. ఈ ఇద్దరికీ సరిపోయే స్పీకర్లు ఏవి?

మంచిర్యాలలో రైలు దిగి చెన్నూరు వైపు వెళ్లే ఆటో ఎక్కితే అరగంట కూడా పట్టదు. నస్పూర్, సీసీసీల మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి శ్రీరాంపూర్ చేరుస్తుంది. సీసీసీ అంటే ఏదో బ్యాంకు పేరనుకుంటారు కొత్తవాళ్లు. కోల్ కెమికల్ కాంప్లెక్స్ అన్న పేరుకు అది పొట్టి రూపం. ఇక్కడ ఊళ్ల పేర్లన్నీ ఇలా అక్షరాలుగా, అంకెలుగా మారిపోయాయి. ఎస్ఆర్పీ-1 అంటే శ్రీరాంపూర్ ఒకటో గని, ఆర్కే-7 అంటే రవీంద్రఖని ఏడు, ఐకే-1ఏ అంటే ఇందారం ఖని. ఏ ఊరని అడిగితే గని నంబరు చెప్పేవాళ్లున్నారు. గనిని ఇక్కడ గని అని కూడా అనరు, 'బాయి' అంటారు. 'బాపు బాయి మీదికి పోయిండు' అంటే డ్యూటీకి వెళ్లాడని అర్థం.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఖమ్మం అడవుల్లో మొదలైన ఆ తవ్వకం గోదావరి దాటి బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ల దాకా వచ్చింది. బొగ్గుతోపాటు ఈ ఊళ్లకు వచ్చిన మరో సంగతి మూడు షిఫ్టుల జీవితం. అందరికీ ఒకేసారి తెల్లవారడం, ఒకేసారి చీకటి పడటం ఇక్కడ ఉండదు. ఒక ఇంట్లో పొద్దున టిఫిన్ డబ్బా కడుతుంటే పక్క క్వార్టర్లో దుప్పటి ముసుగు పడుతుంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని పగలు పడుకునేవాళ్ల కోసం పిల్లల్ని 'మెల్లగా ఆడుకోండి' అని తల్లులు మందలించడం ఈ కాలనీల్లో మామూలే. అలాంటి చోట స్పీకరు కొనడం అంటే కొన్నవాడికి మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు.

దుబాయ్ డబ్బా

ఈ రిసీవర్లు ఇక్కడికెలా వచ్చాయి? జవాబు సముద్రం అవతల ఉంది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు ఊపందుకున్నాక, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్ల నుంచి మనుషులు అటు కదిలారు. లక్సెట్టిపేట, జన్నారం పల్లెలూ అందులో ఉన్నాయి. ఒక అన్న బాయిలో, ఒక తమ్ముడు దుబాయ్‌లో ఉన్న కుటుంబాలు ఇక్కడ కొత్త కాదు. సెలవుకి వచ్చేటప్పుడు తెచ్చే సామాన్లలో దుప్పట్లు, సెంటు సీసాలతోపాటు టేప్ రికార్డరు తప్పనిసరి. ఎక్కువమంది తెచ్చింది రేడియో, టేపు రెండూ కలిసిన టూ-ఇన్-వన్. ఇంకాస్త చేతిలో ఆడినవాళ్లు పయనీర్, శాన్సుయ్, కెన్‌వుడ్, అకాయ్ లాంటి జపాన్ కంపెనీల స్టీరియో రిసీవర్లు తెచ్చారు.

రిసీవరంటే రేడియో, ఆంప్లిఫయరు రెండూ ఒకే పెట్టెలో ఉన్న యంత్రం. స్పీకర్లు అందులో ఉండవు, విడిగా కలపాలి. ముందుభాగంలో అల్యూమినియం పలక, లోపల దీపం వెలిగే పొడవాటి డయలు, వేలితో తిప్పితే బరువుగా కదిలే ట్యూనింగ్ చక్రం. వెనక వైపు టేపుకి, రికార్డు ప్లేయరుకి, ఇంకేదైనా పరికరానికి వేర్వేరు రంధ్రాలు. 1970లలో జపాన్ కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి వీటిని చేశాయి. ఆ పోటీ ఎంతదాకా వెళ్లిందంటే, 1978లో పయనీర్ తెచ్చిన ఎస్ఎక్స్-1980 ఒక్కో వైపు 270 వాట్లు ఇచ్చేది, బరువు 35 కిలోల దాకా! మన ఇళ్లకు చేరినవి అంత భారీవి కావు. 15 నుంచి 45 వాట్ల మధ్యవే ఎక్కువ.

ఇక్కడో చిన్న మాట. 30 వాట్లా, అంతేనా అని ఇప్పటి కుర్రాళ్లు పెదవి విరుస్తారు. 1990లలో పెళ్లి కట్నాల్లో వచ్చిన మ్యూజిక్ సిస్టమ్‌ల మీద 'పీఎంపీవో 1000 వాట్లు' అని స్టిక్కరు ఉండేది కదా, దాంతో పోల్చుకుంటారు. ఆ స్టిక్కరు అంకె కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోయే శక్తిని ఊహించి వేసినది. దానికి కొలత అంటూ ఏ నియమమూ లేదు. పాత రిసీవరు అంకె అలా కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధన పెట్టింది. ఆంప్లిఫయరు రెండు వైపులా ఆగకుండా ఎంత శక్తి ఇవ్వగలదో కొలిచి, ఆ అంకెనే ప్రకటించాలంది. ఆ తర్వాత ప్రపంచమంతా అమ్మిన జపాన్ యంత్రాలకూ అదే అలవాటు పట్టింది. అందుకే ఆ కాలపు 30 వాట్లు నిజమైన 30 వాట్లు. స్టిక్కరు వెయ్యి వాట్లను అవలీలగా మింగేస్తాయి.

ఒక్క వాటు చాలు

అసలు ఇంట్లో పాట వినడానికి ఎన్ని వాట్లు కావాలి? ఈ లెక్క తెలిస్తే స్పీకర్లు కొనేటప్పుడు సగం భయం పోతుంది.

ప్రతి స్పీకరు వెనక కానీ, దాని కాగితంలో కానీ రెండు అంకెలుంటాయి. ఒకటి సెన్సిటివిటీ. స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చి, మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెళ్ల శబ్దం వచ్చిందన్నదే అది. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరుకు 85 నుంచి 88 ఉంటుంది. మూడు డెసిబెళ్లు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి, పది పెరగాలంటే పదింతలు. 87 ఉన్న జతను క్వార్టర్ ముందుగదిలో పెట్టి, రెండు మీటర్ల దూరంలో కుర్చీ వేసుకుని, ఇద్దరు మాట్లాడుకునేంత శబ్దంలో పాట వింటే రిసీవరు నుంచి పోయేది వాటులో చిన్న భాగం మాత్రమే. డప్పు మోత, తబలా దెబ్బ వచ్చినప్పుడు ఆ క్షణానికి పది, పదిహేను వాట్లు అడుగుతుంది. 30 వాట్ల యంత్రంలో అది పుష్కలంగా ఉంది.

అయితే అన్ని స్పీకర్లూ ఒకలా ఆకలి పడవు. 2012లో వచ్చిన కెఫ్ ఎల్ఎస్50 చాలా పేరు తెచ్చుకున్న బుక్‌షెల్ఫ్ స్పీకరు. దాని సెన్సిటివిటీ 85. అమెరికా కంపెనీ క్లిప్ష్ తన ఆర్పీ-600ఎం జతకు 96 అని చెప్పుకుంటుంది. మధ్య తేడా 11 డెసిబెళ్లు. అంటే అంతే శబ్దం రావడానికి మొదటిదానికి రెండోదానికంటే పన్నెండింతలకు పైగా శక్తి కావాలి. 15 వాట్ల పాత రిసీవరున్న ఇంట్లో ఈ తేడా పెద్దదే. బీబీసీ ఇంజినీర్లు 1970లలో తమ వ్యాన్లలో వాడుకోవడానికి తయారు చేసిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు ఇంకా బద్ధకస్తురాలు, 83 దగ్గరే ఆగుతుంది. గొంతు వినిపించడంలో దాన్ని మించింది లేదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అంటే సెన్సిటివిటీ ఎక్కువుంటే మంచి స్పీకరని కాదు, ఇంట్లో ఉన్న యంత్రం దాన్ని లాగగలదా లేదా అన్నదే చూడాలి.

రెండో అంకె ఓంలు. ఇది ఇంకా ముఖ్యం. పాత రిసీవర్లను 8 ఓంల స్పీకర్ల కోసం చేశారు. 4 ఓంల స్పీకరు తగిలిస్తే దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది, లోపలి ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. ఎండాకాలంలో శ్రీరాంపూర్ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. గదే పొయ్యిలా ఉన్న రోజున యంత్రం తన వేడిని ఎక్కడికి వదులుతుంది? అందుకని ఈ ప్రాంతంలో 8 ఓంలు, తప్పితే 6 ఓంల దగ్గర ఆగడం మంచిది. మరో చిక్కు ముందున్న స్విచ్చుతో వస్తుంది. స్పీకర్స్ ఏ, స్పీకర్స్ బీ, ఏ+బీ అని మూడు గుర్తులుంటాయి. ముందుగదిలో ఒక జత, వంటింట్లో ఒక జత పెట్టి రెండూ ఒకేసారి మోగిస్తే, చాలా రిసీవర్లలో రెండు 8 ఓంలు కలిసి 4 ఓంల బరువుగా మారతాయి. పండగ రోజున ఉత్సాహంగా రెండూ వేసి, సాయంత్రానికి రిసీవరు మూగబోయిన ఇళ్ల కథ వెనక ఉన్న లెక్క ఇది.

బాపు చెవి, కొడుకు చెవి

ఇప్పుడు అసలు సంగతి. శ్రీరాంపూర్‌లో స్పీకరు ఎంచుకోవడం హైదరాబాద్‌లో ఎంచుకోవడం లాంటిది కాకపోవడానికి కారణం చెవులు.

భూగర్భ గనిలో చీకటి గురించి, వేడి గురించి చాలామంది రాశారు. శబ్దం గురించి తక్కువ. రాయికి రంధ్రం వేసే డ్రిల్లు పక్కన నిలబడితే 100 డెసిబెళ్లు దాటడం సాధారణం. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం, హాలేజీ మోటార్లు, గాలి తోసే ఫ్యాన్లు, అన్నీ ఇరుకు సొరంగంలో. శబ్దానికి పోవడానికి చోటుండదు, గోడలకు తగిలి మళ్లీ మనిషి మీదికే వస్తుంది. పాతికేళ్లు ముప్పయ్యేళ్లు ఆ హోరులో పనిచేసినవాళ్లలో వినికిడి తగ్గడం ప్రపంచంలో ఏ గనిలోనైనా ఉన్న జబ్బే. అది ఒక్కసారిగా రాదు. మొదట పోయేది 4,000 హెర్ట్జ్ దగ్గరి స్వరాలు. ఆ చోటే ఎందుకంటే చెవి నిర్మాణం అలాంటిది, లోపలి వెంట్రుక కణాల్లో ముందుగా దెబ్బతినేవి ఆ స్వరాలను పట్టుకునేవే.

4,000 హెర్ట్జ్ అంటే పాటలో ఏముంటుంది? గజ్జెల ఘల్లు, తాళాల చప్పుడు, వేణువు మీద గాలి శబ్దం. అంతకంటే ముఖ్యంగా స, శ, చ లాంటి అక్షరాల మొన. ఆ మొన పోతే పాట వినిపిస్తుంది, మాట అర్థం కాదు. రాగం తెలుస్తుంది, 'ఏమన్నాడు?' అని అడగాల్సి వస్తుంది. పెద్దాయన శబ్దం పెంచుతాడు. ఇంట్లోవాళ్లు తగ్గిస్తారు. మెల్లగా మాట్లాడితే వినపడదు, కాస్త గట్టిగా అంటే 'ఎందుకట్ల ఒర్రుతవ్' అని కసురుకుంటారు. ఇది మొండితనం కాదు. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు చెవికంటే త్వరగా భరించలేనిదవుతుంది. మధ్యలో వినగలిగే జాగా ఇరుకైపోతుంది.

ఇలాంటి ఇంట్లో కొడుకు హైదరాబాద్ వెళ్లి, అంగట్లో మెరుపులా మోగిన స్పీకర్లు తెచ్చాడనుకుందాం. కొన్ని స్పీకర్లను పైస్వరాలు బాగా ముందుకు వచ్చేలా చేస్తారు. దుకాణంలో పది నిమిషాలు వింటే అవే మిగతావాటికంటే బాగున్నాయనిపిస్తాయి. బాపు వింటే రెండు రకాలుగా జరగొచ్చు. మాటలు తేటగా ఉన్నాయని సంతోషపడొచ్చు. లేదా వాల్యూమ్ కొంచెం పెంచేసరికి చెవిలో సూది గుచ్చినట్టుందని లేచిపోవచ్చు. ఎవరి చెవి ఎంత తగ్గిందో చూసి చెప్పగలిగేది ఈఎన్‌టీ డాక్టరు తీసే ఆడియోగ్రామ్ ఒక్కటే. స్పీకర్ల ఖర్చుతో పోలిస్తే ఆ పరీక్ష ఖర్చు ఏపాటిది? ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్నప్పుడు స్పీకర్ల కంటే ముందు ఆ పరీక్ష చేయించడమే తెలివైన పని. అవసరమైతే వినికిడి యంత్రం పెట్టించుకోవాలి. ఏ స్పీకరూ ఆ పని చేయలేదు.

పాత రిసీవరు అక్కరకొచ్చేది ఇక్కడే. ఇప్పటి చాలా ఆంప్లిఫయర్ల ముఖాన ఒక్క వాల్యూమ్ గుండ్రమే ఉంటోంది. పాతవాటికి బేస్, ట్రెబుల్ గుండ్రాలు విడిగా ఉంటాయి. కొన్నిటికి మధ్యలో మిడ్ కూడా. గొంతు ఉండే మధ్యస్వరాల్లో తేటగా, పైన మరీ మెరుపు లేకుండా ఉండే స్పీకర్లు తెచ్చుకుంటే చాలు. బాపు కూర్చున్నప్పుడు ట్రెబుల్ రెండు గీతలు పైకి, కొడుకు కూర్చున్నప్పుడు మళ్లీ మధ్యకి. స్పీకర్లోనే మెరుపు ఎక్కువుంటే ఇంత సర్దుబాటు కుదరదు.

కొడుకు చెవిని కూడా మరిచిపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ల దాకా వినొచ్చు. అది 90కి పెరిగితే వారానికి నాలుగు గంటలే. బాయిలో ఎనిమిది గంటలు హోరు విన్న చెవికి ఇంటికొచ్చాక కావలసింది మళ్లీ హోరు కాదు కదా.

గోడకవతలివాళ్లు

బుక్‌షెల్ఫ్ స్పీకరు అన్న పేరుకు ఓ చరిత్ర ఉంది. మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాలని ఒకప్పుడు అనుకునేవారు. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో ఏఆర్-1 అనే స్పీకరు తెచ్చి ఆ మాట తప్పని చూపించాడు. పెట్టెను గాలి చొరబడకుండా మూసేసి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. స్పీకరు పుస్తకాల అరలో ఇమిడిపోయింది. మనిళ్లలో పుస్తకాల అరలు తక్కువ, గోడలో గూళ్లు ఎక్కువ. మన స్పీకర్లు సహజంగా గూట్లోకే వెళతాయి.

గూడు స్పీకరుకు ఇల్లు కాదు, బావి. ఇప్పటి చిన్న స్పీకర్లలో ఎక్కువవాటికి వెనకవైపు గొట్టం ఉంటుంది. బేస్ కొంత అందులోంచి బయటికొస్తుంది. దాన్ని మూడు పక్కలా గోడలున్న గూట్లో దూర్చితే బేస్ అంతా ఒక్కచోట గుమిగూడి కుండలో మాట్లాడినట్టు 'బుంయ్'మంటుంది. గొంతు దాని వెనక దాక్కుంటుంది. గూడు తప్పదంటే విల్చర్ పద్ధతిలో పూర్తిగా మూసిన పెట్టె కానీ, గొట్టం ముందువైపున్నది కానీ వెతకాలి. ముఖం గూడు అంచుకు సమంగా రావాలి. వెనక గొట్టమే ఉంటే అందులో కాస్త స్పాంజి ముక్క దూర్చి చూడొచ్చు. ఇక సజ్జ మీద పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. పైస్వరాలు ఇచ్చే చిన్న స్పీకరు కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. సజ్జ మీద పెడితే పాట బల్లులు వింటాయి.

గోడ దాటి పోయేది ఏ శబ్దం? సన్నని స్వరాలను ఇటుక గోడ ఆపేస్తుంది. బేస్‌ను ఆపలేదు. పక్క క్వార్టర్లో పడుకున్నాయనకు పాట వినపడదు, 'దుమ్, దుమ్' మాత్రమే వినపడుతుంది. పాటైనా వినిపిస్తే కొంత ఓర్చుకోవచ్చునేమో! అందుకే అయిదంగుళాల ఊఫరున్న చిన్న జత ఈ కాలనీలకు పెద్ద డబ్బాల కంటే నప్పుతుంది. దానికి అడుగు బేస్ తక్కువ. ఆ లోపమే ఇక్కడ గుణం. సబ్‌ఊఫరు కలపడం గురించి ఆలోచించకపోవడమే మేలు.

ఇక్కడ పాత రిసీవరు మీది 'లౌడ్‌నెస్' మీట ఒక తగువు తెస్తుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మన చెవి గుణం ఒకటి కొలిచారు. శబ్దం తగ్గేకొద్దీ బేస్ మిగతావాటికంటే ఎక్కువగా మాయమవుతుంది. వాల్యూమ్ తగ్గించినప్పుడు పాట పలచబడినట్టు అనిపించేది అందుకే. లౌడ్‌నెస్ మీట నొక్కితే యంత్రం ఆ బేస్‌ను తిరిగి కలుపుతుంది. చిన్న శబ్దంలో వినేవాళ్లకు వరం. కానీ గోడ దాటేదీ ఆ బేసే! రెంటికీ మధ్య దారి ఒకటుంది. స్పీకర్లను ఉమ్మడి గోడకు ఆనించకుండా ఎదురు గోడ వైపు, ఒక అడుగు ముందుకు పెట్టాలి. కింద రబ్బరు ముక్కలు వేయాలి. కుర్చీని దగ్గరికి, నాలుగైదు అడుగులకు లాక్కోవాలి. దూరం సగమైతే స్పీకరు నుంచి నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెళ్లు పెరిగినట్టు. అంత మేరకు వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. అప్పుడు లౌడ్‌నెస్ నొక్కినా పక్కింటాయన నిద్ర చెడదు.

మెకానిక్ బల్ల మీద

కొత్త స్పీకర్లు తెచ్చిన రోజే పాత రిసీవరుకు తగిలించడం పెద్ద తప్పు. ముందు రిసీవరును మెకానిక్‌కు చూపించాలి. ఏళ్లుగా ముట్టుకోని యంత్రాన్ని తెలిసిన మెకానిక్ నేరుగా కరెంటులో పెట్టడు. సిరీస్ బోర్డులో పాతకాలపు ఫిలమెంటు బల్బు మీదుగా పెడతాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది. అలాగే భగభగ వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్టు. 'గిట్ల మండితే మూత తియ్యాలె కాకా' అంటాడు.

తర్వాతి పరీక్ష మల్టీమీటరుతో. వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకరు తీగల చోట డీసీ వోల్టేజి చూడాలి. కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వోల్టుల్లో చూపిస్తే ఆ యంత్రానికి తగిలించిన ఏ స్పీకరైనా కాలుతుంది. చాలా ఇళ్లలో పాత స్పీకర్లు పోవడానికి కారణం ఇదే కావొచ్చు. రోగం రిసీవర్లో ఉంటే, స్పీకర్లు మార్చుకుంటూ పోవడం దండగ.

బొగ్గు ఊళ్లో మరో శత్రువు దుమ్ము. వాల్యూమ్ తిప్పితే కరకర, ఒక పక్క పాట వచ్చి పోవడం, ఇవన్నీ గుండ్రాల్లో, స్విచ్చుల్లో చేరిన మసి పనులు. దానికి కాంటాక్ట్ క్లీనరు అనే స్ప్రే ఉంది. కిరోసిన్, కుట్టుమిషను నూనె పోసేవాళ్లున్నారు. కొన్నాళ్లు బాగుండి, తర్వాత ఆ నూనె మీదే మళ్లీ దుమ్ము అతుక్కుంటుంది.

ఇప్పుడు పాత యంత్రం కొనేవాళ్లకు రెండు జాగ్రత్తలు. గల్ఫ్‌కు వచ్చిన రిసీవర్ల వెనక వోల్టేజి మార్చే మీట ఉండేది, దాన్ని 220 లేదా 240 మీద ఉంచాలి. అమెరికాలో అమ్మినవి 120 వోల్టులవి, జపాన్ లోపల అమ్మినవి 100 వోల్టులవి. ఇక్కడ నేరుగా పెడితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. జపాన్ సరుకుతో ఇంకో తంటా, అక్కడ ఆ కాలంలో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే. మన ఎఫ్ఎం 88 నుంచి 108. డయలు ఎంత అందంగా వెలిగినా మన స్టేషన్లలో ఎక్కువ భాగం దానికి అందవు. ఆదిలాబాద్ ఆకాశవాణి వినాలని కొనేవాళ్లు ఈ అంకెలు చూసే డబ్బులివ్వాలి.

కోఠి దాకా

సాధారణంగా దసరా ముందు సింగరేణి లాభాల వాటా, దీపావళికి బోనసు చేతికొచ్చే రోజులు. అప్పుడే కొనుగోళ్లు. మంచిర్యాలలో దొరికేవి ఎక్కువగా టీవీ కింద పెట్టే సౌండ్ బార్లు, బ్లూటూత్ డబ్బాలు. రిసీవరుకు తగిలించే జతలు నాలుగు విని ఎంచుకోవాలంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ సామానుకు పాత పేరు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత స్పీకర్లూ కనిపిస్తాయి.

పాతవి చూసేటప్పుడు ముందు చూడాల్సింది స్పీకరు అంచు. కాగితపు గిన్నె చుట్టూ ఉండే మెత్తని అంచు నురుగుతో చేసిందైతే మన వేడికి, తేమకు పది ఇరవై ఏళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. వేలితో తాకితే బెల్లం పాకంలా అంటుకుంటే వద్దు. రబ్బరు, గుడ్డ అంచులు ఎక్కువ కాలం ఉంటాయి. కలకత్తాలో 1970లో మొదలైన సోనోడైన్, బొంబాయి కాస్మిక్ లాంటి మన దేశపు పాత పేర్లు కనిపిస్తే చిన్నచూపు చూడనక్కర్లేదు. అంచు బాగుండి, తీగచుట్ట కాలకుండా ఉంటే మన యంత్రాలకు అవి హాయిగా సరిపోతాయి. కొత్తవాటిలో వార్ఫ్‌డేల్ డైమండ్ వరుస లాంటివి ఇలాంటి జతకు తగ్గ రకం. మధ్యస్వరాలు తేటగా ఉంటాయి, మెరుపు అతిగా ఉండదు.

దుకాణంలో వాళ్లు వేసే ఇంగ్లిషు పాట మీద తీర్పు చెప్పకూడదు. ఏళ్లుగా విన్న పాటను ఫోన్లో తీసుకెళ్లాలి. ఒకటి ఘంటసాల పాట. ఆయన కాలపు సినిమా పాటలు ఒకే చానల్‌లో రికార్డయినవి, కాబట్టి రెండు స్పీకర్ల మధ్య గాల్లో ఒకే చోట ఆయన నిలబడి పాడినట్టు ఉండాలి. గొంతు అటూ ఇటూ పాకితే జతలో తేడా ఉన్నట్టు, లేదా ఒకదానికి ఎరుపు నలుపు తీగలు తారుమారైనట్టు. రెండోది డప్పు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ ఆటలో వినిపించే డప్పు, తుడుం రికార్డింగు దొరికితే ఇంకా మంచిది. దెబ్బ పడ్డచోట ఆగాలి. దాని వెనక మూలుగు సాగితే ఆ పెట్టె గూట్లో ఇంకా మూలుగుతుంది. మూడోది ఒట్టి మాట, వార్తలు చదివే గొంతు. స, శ తేడా తెలియాలి, ఈల వేసినట్టు ఉండకూడదు.

ఇంటికొచ్చాక కలపడం పది నిమిషాల పని. పాత రిసీవరు వెనక స్ప్రింగు నొక్కుళ్లు ఉంటాయి, లావు ప్లగ్గులు పట్టవు. కొన తీసిన తీగ మాత్రమే దూరుతుంది. వేలకు వేలు పోసి స్పీకరు కేబుళ్లు కొనక్కర్లేదు, నాలుగు మీటర్ల లోపు దూరానికి ఇంటి వైరింగులో వాడే 1.5 మిల్లీమీటర్ల తీగ చాలు. ఏది ప్లస్సో తెలియకపోతే టార్చిలైటు సెల్లు ఒక్కసారి తాకించి చూడాలి. గిన్నె ముందుకొస్తే సెల్లు బొడిపె తాకిన వైపు ప్లస్. ఫోను నుంచి వచ్చే తీగను ఆక్స్‌లోనో టేప్ ఇన్‌లోనో పెట్టాలి. ఫోనోలో పెడితే పాట పగిలిపోయి మోగుతుంది, అది రికార్డు ప్లేయరు సూది ఇచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచడానికి ఉన్న దారి.

చివరి నిర్ణయం మాత్రం దుకాణంలో చెయ్యకపోవడం మంచిది. నచ్చకపోతే వారంలో మార్చి ఇచ్చే ఒప్పందం మీద తెచ్చుకుని, బాపును ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టి, రిసీవరు వాల్యూమ్‌ను రోజూ వినే గీత మీద ఉంచి వినిపించాలి. మాటలు అందుతున్నాయో లేదో ఆయన చెబుతాడు. ఆ తర్వాత ఒకసారి పక్క క్వార్టరు తలుపు తట్టి, లౌడ్‌నెస్ మీట నొక్కి ఉంచి, ఆ ఇంటి మంచం దగ్గర నిలబడి విని రావాలి. రెండో షిఫ్టు రోజుల్లో అయితే మధ్యాహ్నం దాకా ఆయన మెలకువగానే ఉంటాడు.